పసుపు పూసిన ట్యాబులు

రాజకుమారికి కోపం ఎక్కువని సరుగుడుపేటలో ఎవరినడిగినా చెబుతారు. ఐసు లారీ ఆలస్యమైతే డ్రైవర్ని కిందికి దింపి మరీ తిట్టేది ఆమే. రేషన్ బియ్యం తూకంలో తేడా వస్తే డీలరు కాటా పక్కన నడుం మీద చెయ్యేసి నిలబడేదీ ఆమే. ఊళ్లో ఆడవాళ్లు "నీకేటే అంత కోపం" అని ఆమె ముందే నవ్వుతారు. అవసరం వస్తే మాత్రం ఆమె గుమ్మంలోకే వస్తారు. ఆ కోపం ఆమెకు ఎప్పుడూ పెద్దగా నష్టం చెయ్యలేదు, బడి బీరువా జోలికి వెళ్లేదాకా.

సరుగుడుపేట టెక్కలికి తూర్పున ఉంటుంది. ఊరు దాటితే సరుగుడు తోట, తోట దాటితే సముద్రం. మగవాళ్లలో సగం మంది ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వెరావల్ రేవులోనే ఉంటారు. అక్కడి బోట్ల మీద కూలికి వేటకెళతారు. రాజకుమారి మొగుడు రాముడూ అంతే. పెళ్లయిన కొత్తలో అతని కబురు తెలియాలంటే ఊళ్లోకి ఎవరో ఒకరు తిరిగి రావాలి. ఇప్పుడు బోటు ఒడ్డుకు చేరగానే ఫోన్ చేస్తాడు. అతని ఫోన్ ఎప్పుడూ పాలిథిన్ కవరులోనే ఉంటుంది. దాని మూతికి రెండు రబ్బరు బ్యాండ్లు. కవరులోంచే మాట్లాడతాడు, అందుకే గొంతు మూకుడు కింద నుంచి వచ్చినట్టుంటుంది.

రాజకుమారి ఏడో తరగతి దాకా చదివింది. ఎనిమిదికి పక్క ఊరు నడవాలి. అదే సంవత్సరం రొయ్యల చెరువులవాళ్లు పెంపకానికి రొయ్య పిల్లల్ని కొనడం మొదలుపెట్టారు. ఊళ్లో ఆడపిల్లలందరినీ దోమతెర గుడ్డలిచ్చి ఉప్పుటేరులోకి దింపేశారు. మొల లోతు నీళ్లలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వంగి, కంటికి ఆనని పిల్లల్ని ఏరడం. ఆ ఏట్లోనే ఆమె చదువు పోయింది. ఎవరూ మాన్పించినట్టు చెప్పలేదు, రేపు వెళ్లొచ్చన్నారు. ఆ రేపు రాలేదు. అందుకే ఊళ్లోకే హైస్కూలు వచ్చినప్పుడు, మధ్యాహ్న భోజనం వండే పని ఉందంటే, మొదట చెయ్యెత్తింది రాజకుమారే. వంట కోసం కాదు. బడి గోడకు దగ్గరగా ఉండొచ్చని.

ట్యాబులు వచ్చిన రోజు ఆమెకు బాగా గుర్తు. రెండు వేల పదహారు, పంద్రాగస్టు. విశాఖపట్నంలో ఏదో కంపెనీవాళ్లు ధర్మంగా ఇచ్చారు, ఒక అట్టపెట్టె నిండా. ఒక్కోటి పలకంత. లోపల పాఠాలన్నీ తెలుగులోనే బొమ్మలతో ఉన్నాయట. ఫ్లెక్సీ కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. పిల్లలు వరసగా నిలబడి తలో ట్యాబూ గుండెల మీద పెట్టుకుంటే ఫొటోలు తీశారు. కంపెనీవాళ్ల కారు తోట మలుపు తిరిగిందో లేదో, హెడ్మాస్టరు జగన్నాధం గారు పిల్లల చేతుల్లోంచి ఒక్కొక్కటే లెక్కబెట్టి వెనక్కి తీసుకుని తన గదిలో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుందని పిల్లలు చెప్పుకునేవారు.

ఆ తర్వాత బీరువా తెరిచింది తనిఖీకి అధికారులు వచ్చినప్పుడు ఒకసారి. దసరా ముందు సరస్వతీ పూజకు రెండుసార్లు. అంతే.

ఆ రెండో పూజకు రాజకుమారి పులిహోర చేసింది. ట్యాబుల్ని అమ్మవారి పటం ముందు బల్ల మీద పరిచారు. జగన్నాధం గారు ఆమెను పిలిచి, "ముత్తైదువ చేతితో బొట్టు పెట్టమ్మా" అన్నారు. ఆమె పొంగిపోయింది. వాళ్ల వీధిలో పడవకు కొత్త ఇంజను వస్తే ఎలా చేస్తారో అలాగే చేసింది. పసుపు ముద్ద తడిపి, ఒక్కోదాని నాలుగు అంచులకూ బాగా పట్టించి, మధ్యలో కుంకుమ పెట్టింది. పిల్లలు వచ్చి ఒక్కొక్కరే ట్యాబు కళ్లకద్దుకున్నారు. ఎవరూ ఆన్ చెయ్యలేదు. ఫొటో ఒకటి తీసి పై ఆఫీసుకు పంపారు. పసుపు ఆరకముందే అవన్నీ బీరువాలోకి వెళ్లిపోయాయి.

ఆ రెండో పూజకు ముందే, ఎండాకాలం బదిలీల్లో సైన్సు మాస్టారు వెళ్లిపోయారు. భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పేవాడు లేడు. జూన్ పోయింది, దసరా పోయింది, కొత్తాయన రాలేదు. పదో తరగతివాళ్లకు ఆ పీరియడులో గైడు చూసి జవాబులు ఎక్కించుకోమనేవారు. రాజకుమారి కూతురు తులసి ఆ తరగతిలోనే ఉంది. కటకాల పాఠం మొత్తం, గీసిన బొమ్మతో సహా, నోటికి చెప్పగలదు. కటకం అంటే ఏమిటని తల్లి అడిగితే మాత్రం నోరు తెరవలేదు.

డిసెంబరు పరీక్షలో తులసి అన్నీ పాసై సైన్సు పోగొట్టుకుంది.

ఆ సంగతి ఆ సాయంత్రమే రాముడి అక్క గున్నమ్మ చెవిన పడింది. గున్నమ్మ రొయ్యల కంపెనీకి ఆడవాళ్లను తీసుకెళ్లే మేస్త్రీ. తెల్లారేసరికి ఊరి చివరికి కంపెనీ వ్యాను వస్తుంది. చీకటి పడ్డాక దింపుతుంది. రోజంతా ఐసు గదిలో నిలబడి రొయ్య తల తుంచడం, పొట్టు తియ్యడం. పదోతరగతి తప్పిన ఆడపిల్లలంతా చివరికి ఆ వ్యానులోకే చేరతారు.

"ఏటే రాజీ, గుంట తప్పీసిందట గదా" అంది గున్నమ్మ గుమ్మంలోంచే. "మార్చిలోనూ అంతే అవుతాది. ఇప్పుడే పంపీ. మొన్న ఒక గుంటకి పెళ్లైపోయి ఎలిపోనాది, దాని సోటు ఖాళీగున్నాది."

"వదినా, నువ్వు లోనికొస్తే కాఫీ ఇస్తాను. ఆ మాట మాటాడితే అటే ఎల్లిపో."

"ఓలమ్మ, కోపం! నా తమ్ముడు సెప్పినాడు నాకు."

నిజమే, చెప్పాడు. రెండు రోజుల తర్వాత వెరావల్ నుంచి ఫోన్ వచ్చింది. రాముడు చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు.

"పది పాసైతే సదివించుదాం. నానడ్డు రాను. తప్పితే మాత్రం మా అప్ప గున్నమ్మతోటి పంపీ. ఊరికే ఇంట్లో కూకోబెట్టి ఏటి సేస్తావు?"

"దానికి పాఠం సెప్పినోడే నేడు బావా. సెప్పకండా ఎలగ పాసవుతాది?"

"మరి నానేటి సెయ్యను, ఇక్కడ సముద్రం మీదున్నాను" అన్నాడు కవరులోంచి.

ఫోన్ పెట్టేశాక ఆమె చెవిలో ఉప్పుటేరు నీళ్ల చప్పుడు వినిపించింది. అప్పుడూ ఇలాగే, ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఎవరి కారణాలు వాళ్లకున్నాయి. పిల్ల చదువు మాత్రం పోయింది.

మర్నాడు వంట దింపేసి, చేతులు కడుక్కుని హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

"మేస్టారూ, ఒక మాట."

"వంటయిందా?" అన్నారాయన కాగితాల్లోంచి తలెత్తకుండా.

"అయిపోనాది. గుడ్లు కూడా ఒలిసీసినాను. మా తులసికి సైన్సు పోయింది బాబూ."

"చూశాను. దానిదొక్కదానిదే కాదు, తరగతిలో సగం మందిది పోయింది. పోస్టు ఖాళీ. పైకి రాస్తూనే ఉన్నాను. నన్నేం చెయ్యమంటావమ్మా?"

"ఆ బీరువా తియ్యండి."

జగన్నాధం గారు కలం కింద పెట్టారు. బీరువా ఆయన కుర్చీ వెనకే ఉంది. తలుపు మీద కంపెనీవాళ్లు అంటించిన కాగితం, చదువుకునే పిల్లల బొమ్మతో, అంచులు లేచిపోయి ఉంది.

"అవి పగిలితే? ఒక్కటి పోయినా నాకిచ్చే పింఛనులోంచి కోస్తారు. ఇంక ఏడాది సర్వీసు ఉంది నాకు. ముప్పై ఏళ్లు మచ్చ లేకుండా చేశాను."

"పగిలితే పగిల్నాయని రాయండి. వాడితేనే గదా పగుల్తాయి."

"నీకు అర్థం కాదు. ఇది పట్నం బడి కాదు. మన పిల్లలు బడికొచ్చే ముందు ఎక్కడి నుంచి వస్తారో నీకూ తెలుసు. వలలు దులిపి, చేపలు ఏరి వస్తారు. ఆ చేపల చేతుల్తో అద్దం పట్టుకుంటే అది వారం బతుకుతుందా?"

ఆయన తిట్టాలని అన్నది కాదు. ఉన్న సంగతి చెబుతున్నట్టే అన్నారు. అందుకే అది మరీ మండింది.

"ఆ సేతుల్తోటే కోసిన కోనాం సేప ముక్క మీ కంచంలోకొస్తే కంపు నేదు గదా బాబూ" అంది రాజకుమారి. "మా మొగోళ్లు నడి సముద్రంలో తడి సేతుల్తోటే ఫోన్లు వాడతన్నారు, దారి సూపే మిషన్లు వాడతన్నారు. ఏదీ బీరువాలో ఎట్టుకుని ఏటకెళ్లరు."

"వంట చూసుకో పో" అన్నారాయన.

ఆ ఊళ్లో బడి చేప అని ఒకటుంది. ఎప్పుడో బడి పెట్టిన కొత్తలో మాస్టార్లు ఈ ఇసకలో ఉండలేక పారిపోతుంటే, ఊరివాళ్లు ఒక కట్టు చేసుకున్నారు. పడవ ఒడ్డుకు చేరగానే, వేలం పాడే ముందు, మంచి చేప ఒకటి బడికని పక్కన పెట్టాలి. మాస్టార్లు మారారు, పూరిపాక పోయి శ్లాబు వచ్చింది, బడి చేప మాత్రం ఆగలేదు. శనివారం సాయంత్రం జగన్నాధం గారి స్కూటరు ముందు వేలాడే సంచి అదే.

రాజకుమారి ఆ శనివారం తెల్లారి ఒడ్డుకు వెళ్లింది. పడవలు చేరుతున్నాయి. ఆడవాళ్లు గంపలతో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నారు.

"ఇగో, ఇనండి" అని అరిచింది. "బడికి సేప ఎట్టొద్దు. బీరువా తలుపు తీసిందాకా ఎవుళూ ఎట్టొద్దు."

"పాపం మేస్టారే, ఆయనేటి తింతారు?" అంది ఒకామె నవ్వుతూ.

"ట్యాబులు తింతారు. దాసుకున్నారు గదా."

నవ్వులు సద్దుమణిగాక ఆమె పిల్లల పేర్లు చెప్పింది. ఎవరి కూతురికి సైన్సు పోయిందో, ఎవరి కొడుక్కి పోయిందో పేరుపేరునా. నవ్విన ఆమె కొడుకూ అందులో ఉన్నాడు. ఆ రోజు చేప పెట్టలేదు. మరుసటి వారమూ పెట్టలేదు. మాస్టార్లు స్టాఫ్ రూములో గుసగుసలు పోయారు. చిన్న మాస్టార్లే హెడ్మాస్టరు మీద విసుక్కున్నారట. మంచి చేప దొరకని ఊళ్లో కాపురముంటున్న ఆయన ఇల్లాలు కూడా ఏమందో గానీ, సంక్రాంతి సెలవులు అయ్యాక జగన్నాధం గారే కబురు పెట్టారు. తల్లులంతా రావాలి, వాళ్ల ముందే తెరుస్తాను, తర్వాత ఏం జరిగినా నాకు సంబంధం లేదు అని.

పది మందికి పైనే వెళ్లారు. తులసీ, ఆమె తరగతివాళ్లూ కిటికీకి వేలాడారు. తాళం తుప్పు పట్టి తిరగలేదు. వంటగది నుంచి కొబ్బరినూనె తెచ్చి పోస్తే తిరిగింది. తలుపు తియ్యగానే లోపలి నుంచి ఉప్పుగాలీ పాత పసుపూ కలిసిన వాసన వచ్చింది.

ట్యాబులు అలాగే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. జగన్నాధం గారు పైదాన్ని తీసి పక్కనున్న మీట నొక్కారు. ఏమీ లేదు. గట్టిగా పట్టి నొక్కారు. లేదు. ఇంకోటి. లేదు. కొన్నిటికి వీపు ఉబ్బి, అప్పడంలా పైకి లేచింది. ఛార్జరు తెచ్చి పెట్టబోతే పిన్ను లోపలికి దిగలేదు. ఆ రంధ్రం నిండా గట్టిపడ్డ పసుపు. దాని చుట్టూ పచ్చగా చిలుము.

"చూశారా! ఇదీ సంగతి!" అన్నారు జగన్నాధం గారు. ఆ గొంతులో బాధ ఉందో ఊరట ఉందో చెప్పడం కష్టం. "భద్రంగా దాచినవి. పసుపు కూరేసి పాడు చేశారు. ఎవరు రాశారమ్మా పసుపు?"

అందరి కళ్లూ రాజకుమారి మీదికి తిరిగాయి.

ఆ రోజు తడిపిన పసుపు ముద్ద ఆమె వేళ్ల మధ్య మళ్లీ తగిలినట్టయింది. అంచులకు బాగా పట్టించాలని ఎంత శ్రద్ధగా నొక్కిందో గుర్తొచ్చింది. కిటికీలో తులసి ముఖం కనబడింది. ఆ పిల్ల తల్లి వైపు చూడటం లేదు. ఒక్క క్షణం రాజకుమారికి గదిలోంచి బయటికి వెళ్లిపోవాలనిపించింది.

"నానే రాసినాను" అంది. "మీరు రాయమంతే రాసినాను. తెలీక రంద్రంలో కూడా రాసీసినాను, తప్పే. గానీ బాబూ, మా యీదిలో ఇంజనుకి పసుపు రాస్తే ఆ పూటే పడవ సముద్రంలోకి దిగుతాది. పసుపు రాసేది దింపడానికి. మీరు పసుపు రాయించీసి తలుపేసీసినారు. ఇయి సదుంకోడానికిచ్చినవి. దేవుళ్లని సేసి ఎవులు కూకోబెట్టినారు ఈటిని?"

"మాటలు జాగ్రత్త."

"జాగర్తే! ఏడాదిన్నరగా మీ జాగర్తే సూస్తన్నాం. జాగర్తగా సంపీసినారు."

ఆమె వంటగదిలోకి వెళ్లి, అన్నం వండే పెద్ద డేక్సా తుడిచి తెచ్చింది. అడుగున గోనె పరిచి, ట్యాబుల్ని ఒక్కొక్కటే పిల్లల్ని పడుకోబెట్టినట్టు పేర్చింది. జగన్నాధం గారు తలుపుకు అడ్డం నిలబడ్డారు.

"ఇది ప్రభుత్వ ఆస్తి. అనుమతి లేకుండా గేటు దాటితే పోలీసు కేసు పెడతాను."

"ఎట్టండి. స్టేషను టెక్కల్లోనే గదా, నానూ అటే ఎల్తన్నాను. రండి, ఒక ఆటోలోనే పోదాం" అని డేక్సా నడుం మీదికి ఎత్తుకుంది. తల్లులు దారిచ్చారు. ఒకరిద్దరు ఆమె వెంట నడిచారు. జగన్నాధం గారు గుమ్మంలో చెయ్యి చాపి ఉండగానే ఆ చేతి కింద నుంచి ఆమె వంగి వెళ్లిపోయింది. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా.

టెక్కలి బస్టాండు పక్కన బాబీ సెల్ పాయింటు. బాబీ పక్క పేట కుర్రవాడు, పాలిటెక్నిక్ చదివాడు. డేక్సా మూత తీసి చూసి ఈల వేశాడు.

"ఏటప్పా, ట్యాబులకి పెళ్లి సేసినారా ఏటి? ఇంత నలుగెట్టినారు!"

"నవ్వకు. బతుకుతాయా సెప్పు."

అతను దీపం దగ్గరికి లాక్కుని, సన్నటి కుంచెతో, థిన్నరుతో ఒక్కో రంధ్రం శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాడు. వీపు ఉబ్బినవాటిని ముందే పక్కకు తీసేసి, వాటిని పిల్లల దగ్గర పెట్టొద్దు, అంటుకుంటాయి అన్నాడు. రాజకుమారికి ఆ బీరువా ఉన్న చోటు గుర్తొచ్చింది. ఏడాదిన్నరగా ఆ బీరువా ఉన్న గోడకు అవతలే ఆరో తరగతి గది. అక్కడ పిల్లలు నేల మీద కూర్చుంటారు.

"నా పసుపేనా వీటిని సంపింది?" అని అడిగింది కాసేపటికి. గొంతు తగ్గింది.

"పసుపుకి రెండో మూడో పోయుంటాయి. పసుపు గీకీగల్ను. కష్టం అది కాదప్పా. బ్యాటరీ వాడకపోయినా కొంచెం కొంచెం దిగిపోతానే ఉంటాది. అప్పుడప్పుడు ఎక్కిస్తండాలి. పూర్తిగా అడుక్కి దిగిపోయి నెలల తరబడి పడుంటే లోపల పాడైపోతాది. అప్పుడింక ఎంతసేపు ఛార్జింగెట్టినా ఎక్కదు. ఈటికి ఎవులూ ఎట్టనేదు. అన్నం ఎట్టకుండా దాసినట్టు దాసినారు."

సాయంత్రానికి సగం కంటే కొంచెం ఎక్కువే వెలిగాయి. మొదటిది వెలిగినప్పుడు ఆమె దగ్గరికి జరిగింది. బాబీ ఏదో నొక్కాడు. చీకటి గదిలో ఒక కొవ్వొత్తి, దాని ముందు ఒక గాజు కటకం, వెనక తెల్ల కాగితం. కొవ్వొత్తిని ముందుకూ వెనక్కూ జరుపుతుంటే కాగితం మీద మంట తలకిందులై, చిన్నదై, పెద్దదై కదిలింది. పక్కనుంచి ఒక ఆడగొంతు తెలుగులో, తొందర లేకుండా, ఎందుకలా అవుతుందో చెబుతోంది. రెండు నిమిషాల పాఠం. రాజకుమారి చివరిదాకా చూసింది. మళ్లీ పెట్టమంది.

అంతసేపే పడుతుంది. ఆ రెండు నిమిషాలు ఇన్నాళ్లు ఆమె కూతురు చదివే బడిలోనే తాళం కింద ఉన్నాయి. ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ కోపమే వచ్చింది, ముందుకంటే ఎక్కువగా.

బాబీకి కూలి బదులు ఎండుచేపల మూట ఇచ్చి, చీకటి పడకముందే ఊరు చేరింది. బడి గేటు దగ్గర తల్లులూ పిల్లలూ గుమిగూడి ఉన్నారు. జగన్నాధం గారు ఇంటికి వెళ్లలేదు, పోలీసుల దగ్గరికీ వెళ్లలేదు. డేక్సాలోంచి ఒక్కోటి తీసి లెక్క చూసుకున్నారు. చచ్చినవాటిని కూడా. వెలుగుతున్న ట్యాబుల వెలుతురు పిల్లల ముఖాల మీద పడుతుంటే, అంత మంది ముందు వాటిని మళ్లీ బీరువాలో పెడతాననే ధైర్యం ఆయనకు చాలలేదు.

"పదో తరగతికి, పరీక్షల దాకా" అన్నారు.

మర్నాటి నుంచి సైన్సు పీరియడులో నలుగురికో ట్యాబు. తులసి ఇంటి నుంచి పాలిథిన్ కవర్లు తెచ్చి అన్నిటికీ తొడిగింది. వంతులేసుకుని ఛార్జింగు పెట్టుకున్నారు. అర్థం కాని చోట వెనక్కి తిప్పుకుని చూశారు. ఒక రోజు తులసి పక్కింటి మామ్మగారి కళ్లద్దాలు పట్టుకుని, గుమ్మంలోంచి పడే ఎండను గోడ మీద చుక్కలా చేసి తల్లికి చూపించింది. "అమ్మా, ఇదే. ఇదే కటకం."

రాజకుమారి ఆ చుక్కను చూసి, "మరి ఇన్నాళ్లూ ఏటి బట్టీ కొట్టినావే" అంది. చెయ్యి మాత్రం కూతురి తల మీద పెట్టింది.

అప్పటికి ఆమెకు పని లేదు. టెక్కలి నుంచి వచ్చిన వారానికే బడి కమిటీ కాగితం ఒకటి వచ్చింది. అనుమతి లేకుండా బడి సామాన్లు బయటికి తీసుకెళ్లిన కారణంగా వంట బాధ్యత వేరే వాళ్లకు అప్పగించడమైనది. చదివి, మడిచి, పొయ్యిలో పెట్టింది. బడి చేప మళ్లీ మొదలైంది. ట్యాబులు ఇచ్చారుగా, ఇంకేంటి అన్నారు అందరూ. ఆమె పని గురించి ఎవరూ ఒడ్డున నిలబడి అరవలేదు. అందుకు ఆమెకు వాళ్ల మీదా కోపం వచ్చింది, కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇల్లు గడవాలి. ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున గున్నమ్మ వ్యాను దగ్గర పేర్లు పిలుస్తుంటే రాజకుమారి వచ్చి నిలబడింది.

"కూతుర్ని పంపమంతే నువ్వొచ్చీసినావేటే?"

"ఆ ఖాళీ సోటు నాకియ్యి వదినా. దాని పేరు ఇంక ఎత్తకు."

గున్నమ్మ ఆమె ముఖంలోకి చూసి, పక్కకు జరిగింది.

ఫలితాలు ఏప్రిల్ నెలాఖరున వచ్చాయి. తులసి పాసైంది. గొప్ప గ్రేడు కాదు, కానీ సైన్సులో మిగతావాటికంటే మెరుగు. తరగతిలో ఇద్దరు తప్ప అందరూ సైన్సు గట్టెక్కారు. వెరావల్ నుంచి ఫోన్లో రాముడు సంబరపడ్డాడు. ఇంటర్లో ఏ కాలేజీ అని అడిగాడు.

రెండు రోజుల తర్వాత జగన్నాధం గారే ఫోన్ చేశారు. పేపరువాళ్లు వస్తున్నారట. సముద్రపు ఒడ్డు బడిలో డిజిటల్ చదువు అని రాస్తారట. తులసిని తీసుకురమ్మన్నారు. రాజకుమారికి ఆ రోజు కంపెనీ లేదు. ఐసులో నాని వేళ్ల చివర్లు తెల్లగా చిట్లి ఉన్నాయి. కూతుర్ని తీసుకుని వెళ్లింది, పిల్ల ముచ్చటపడుతోందని.

బడి వరండాలో కొత్త ఫ్లెక్సీ. దాని మీద జగన్నాధం గారి బొమ్మ, ఆయన వెనక ట్యాబుల బొమ్మ. ఆయన లోపలికి వెళ్లి, బీరువా తాళం తీసి, ఒక ట్యాబు పట్టుకొచ్చారు. తులసి తొడిగిన పాలిథిన్ కవరు తీసేసి, అద్దం తుడిచి, పిల్ల చేతికిచ్చారు. తులసి అలవాటుగా మీట నొక్కింది. వెలగలేదు.

"ఛార్జింగ్ నేదు సార్" అంది మెల్లగా.

"పరీక్షలైపోయాయి కదమ్మా" అన్నారాయన. "భద్రంగా పెట్టాం."

ఫొటో తీసేవాడు కెమెరా సర్దుకుంటూ, "పర్లేదు పాపా, ఊరికే పట్టుకుని నవ్వు. అది వెలగక్కర్లేదు" అన్నాడు.

రాజకుమారి ముందుకు వచ్చి కూతురి చేతిలోంచి ట్యాబు తీసుకుంది.

"ఎలగక్కర్నేదా?" అంది. గొంతు పెంచలేదు. "ఒచ్చే జూన్లో పదిలోకి ఎవులొస్తారో తెలుసా బాబూ మీకు? అప్పుడు దీన్ని ఎలగబెట్టేది ఎవులు?"

"ఇప్పుడా గొడవ ఎందుకమ్మా, పేపరువాళ్లు ఉన్నారు" అన్నారు జగన్నాధం గారు. "ఇంకా కోపమేనా? పిల్ల పాసైంది కదా."

"నా పిల్ల పాసైంది. తులసీ, ఛార్జరు ఎక్కడున్నాదో నీకు తెలుసు గదా, పట్రా. మిగతావన్నీ కూడా పట్రా."

తులసి హెడ్మాస్టరు వైపు చూసింది, తర్వాత తల్లి వైపు. గదిలోకి వెళ్లి రెండు చేతుల నిండా ట్యాబులు తెచ్చి వరండా నేల మీద పరిచింది. ప్లగ్గులో పెట్టింది. ఏదీ మినుకుమనలేదు. కరెంటు లేదు. మధ్యాహ్నం దాకా రాదు, లైను పని జరుగుతోందన్నాడు ఎవరో.

"అయితే రేపు చూసుకుందాం" అన్నారు జగన్నాధం గారు, ట్యాబుల కోసం వంగుతూ.

"ఎలిగినాకే ఫొటో" అంది రాజకుమారి. ట్యాబులకూ ఆయనకూ మధ్య మెట్టు మీద కూర్చుంది. తులసి వచ్చి పక్కన కూర్చుంది. ఫొటో తీసేవాడు ఎండలోంచి జరిగి నీడలో నిలబడ్డాడు, జగన్నాధం గారు వాచీ చూసుకున్నారు.